పాఠం మధ్యలో పిల్లలు మరుగుదొడ్డికి వెళ్తామంటే ఏ నియమం పెట్టాలి?

మూడో తరగతి అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది. నెలన్నర నుంచి బడికి పంపిన నీళ్ళ సీసాను నింపింది నింపినట్టే తిరిగి తెస్తోంది. ఆటల్లో పడి మరిచిపోతోందనుకుని మొదట్లో రెండు మూడుసార్లు కోప్పడ్డాను కూడా. సాయంత్రం ఇంటికి వస్తూనే సంచి గుమ్మంలో పడేసి బాత్రూమ్‌లోకి పరుగెత్తడం గమనించాక అనుమానం వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి చెప్పింది. ఒకరోజు మూడో పీరియడ్‌లో ఒంటికి వెళ్తానని అడిగితే, “ఇప్పుడేగా ఇంటర్వెల్ అయింది, అప్పుడేం చేశావు?” అని కూర్చోబెట్టారట. కాసేపాగి మళ్ళీ అడిగితే, పాఠం అయ్యేదాకా ఓపిక పట్టమన్నారట. మూడోసారి అడగడానికి నోరు రాక, బెంచీ మీదే అయిపోయింది. పక్క పిల్లలు చూశారు, ఒకరిద్దరు నవ్వారు. తాగితేనే కదా వచ్చేదని, ఆనాటి నుంచి బడిలో నీళ్ళు తాగడమే మానేసింది.

ఆ టీచర్ మీద ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. ఆమె పిల్లలను ప్రేమగానే చూస్తారు, మా పాపకు చదవడం బాగా వచ్చింది ఆమె వల్లనే. పాఠం జరుగుతుండగా ఎవరు పడితే వారు లేచి వెళ్తే తరగతి సాగదని నాకూ తెలుసు. ఈ వేదికలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు కాబట్టి, మీ తరగతుల్లో ఏ పద్ధతి పాటిస్తున్నారో, ఆమెతో మాట్లాడడానికి వెళ్ళేటప్పుడు నేను ఏమని అడగాలో చెప్పగలరా?

పలకాబలపం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని)

అమ్మా, మీ పాప సంగతి చదివి బాధ కలిగింది. అయితే మా వైపు నుంచి కూడా కొంచెం చెప్పనివ్వండి. నేను పద్దెనిమిదేళ్ళుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. నలభై మంది ఉన్న గదిలో ఒకరు లేచి అడగగానే మరో ఐదు చేతులు లేస్తాయి. వాటిలో ఏ చెయ్యి నిజమైన అవసరంతో లేచిందో, ఏది స్నేహితుడి వెంట నడవడానికి లేచిందో మొహం చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్నా కష్టమే. ఒకసారి ముగ్గురు మగపిల్లలను పంపాను. తడి గచ్చు మీద పరుగెత్తి ఒకడు జారిపడితే గడ్డం చీరి కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం అతని తల్లిదండ్రులకు, పై అధికారులకు సమాధానం చెప్పుకోవలసింది నేనే. గది దాటిన పిల్లవాడికి ఏం జరిగినా బాధ్యత మాదే అవుతుంది, మిగిలిన ముప్పై తొమ్మిది మందిని వదిలి వెంట వెళ్ళే వీలు ఉండదు. అందుకే చాలామందిమి “ఇంటర్వెల్‌లోనే వెళ్ళండి” అనే నియమం దగ్గర ఆగిపోతాం. పిల్లలంటే దయ లేక కాదు, ఆ నియమాన్ని పాటించడం మాకు తేలిక కాబట్టి.

బాలవైద్యం

నేను పిల్లల వైద్యుడిని. ఇలాంటి నీళ్ళ సీసాల కథ నా గదిలో తరచుగా వింటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి వయసుకు 1 కలిపి 30తో హెచ్చిస్తాం. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఈ లెక్క పనికివస్తుంది. ఎనిమిదేళ్ళ పాపకు అది సుమారు 270 మిల్లీలీటర్లు, ఆరేళ్ళ బాబుకు 210. పెద్దవాళ్ళం 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా ఆపుకోగలం కనుక, మన ఓపికతో వాళ్ళ ఓపికను కొలవకూడదు. పిల్లలు రోజుకు నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్ళడం మామూలు విషయం. మూడుసార్లు, అంతకంటే తక్కువ వెళ్తున్నారంటే, అది ఓపికకు గుర్తు కాదు, వైద్యులు పట్టించుకోవలసిన లక్షణం. పైగా చిన్నపిల్లలకు శరీరం ఇచ్చే సూచన ఆలస్యంగా, ఒక్కసారిగా తెలుస్తుంది. ఇంటర్వెల్‌లో ఆటలో ఉన్న బిడ్డకు నిజంగానే ఏ కోరికా తెలియకపోవచ్చు, ఇరవై నిమిషాల తరువాత అదే బిడ్డ ఆగలేకపోవచ్చు. “అప్పుడేం చేశావు?” అనే ప్రశ్నకు ఆ బిడ్డ దగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

రోజూ బిగబట్టడం అలవాటైతే, మూత్రాన్ని ఆపే కండరాలు వదులు కావలసిన సమయంలో కూడా వదులు కావు. కొంత మూత్రం లోపలే నిలిచిపోతుంది, అందులో సూక్ష్మజీవులు పెరిగి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆడపిల్లల్లో మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే నాళం పొట్టిది కావడంతో ఈ ముప్పు ఎక్కువ. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలం గట్టిపడుతుంది.

ఇంతకంటే తక్కువగా మాట్లాడుకునే సంగతి ఆ రెండోదే. బడిలో మలవిసర్జనకు వెళ్ళడం పిల్లలకు మరీ సిగ్గు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం రాయిలా తయారై వెళ్ళేటప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మరింత ఆపుకుంటారు. నెలలు గడిచేసరికి మలాశయం సాగిపోయి, నిండిందన్న స్పృహే తగ్గుతుంది. గట్టి మలం పక్కనుంచి పలచటిది బిడ్డకు తెలియకుండానే బట్టల్లోకి జారుతుంది. ఇంట్లో దాన్ని సోమరితనమనుకుని కొట్టిన సందర్భాలు నేను చూశాను. నిండిన మలాశయం ముందున్న మూత్రాశయాన్ని ఒత్తడం వల్ల మాటిమాటికీ ఒంటికి రావడం, ఆగకపోవడం కూడా మొదలవుతాయి. అమ్మా, మీ పాపకు మలబద్ధకం ఉందేమో తప్పక చూపించండి.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. ఇంతకుముందు మామూలుగా ఉన్న బిడ్డ హఠాత్తుగా మాటిమాటికీ వెళ్తానంటూ, విపరీతంగా దాహమంటూ, సన్నబడుతూ ఉంటే, అది టైప్ 1 మధుమేహానికి తొలి సూచన కావచ్చు. వెంటనే తల్లిదండ్రులకు చెప్పండి. ఆ మార్పు తల్లి కంటే ముందు మీ కంట పడే అవకాశం ఉంది.

త్రికోణం (ఉన్నత పాఠశాల, గణితం)

డాక్టరు గారు చెప్పినదాన్ని నేను కాదనను. కానీ పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల సంగతి వేరు. స్లిప్ టెస్ట్ ఉన్న రోజే, పాఠం కష్టమైన చోటే సగం మందికి అవసరం పుట్టుకొస్తుంది. ఒకరు వెళ్ళిన రెండు నిమిషాలకు పక్క సెక్షన్ నుంచి అతని స్నేహితుడు వెళ్తాడు. దాచి తెచ్చిన ఫోన్ చూసుకుని ఇద్దరూ పావుగంటకు తిరిగి వస్తారు. ఆ పావుగంటలో పోయిన సమీకరణం పరీక్షలో రాకపోతే అడిగేదీ నన్నే. అందుకని ఈ ఏడాది ఒక్కొక్కరికి నెలకు మూడు చీటీలు ఇచ్చాను. వాడకుండా మిగిల్చిన చీటీలకు అంతర్గత మార్కుల్లో కొంత కలుపుతాను. బయటకు వెళ్ళేవారి సంఖ్య బాగా తగ్గింది. క్రమశిక్షణకు ఆ మాత్రం హద్దు అవసరమని నా అభిప్రాయం.

కిటికీ పక్క బెంచీ (డిగ్రీ విద్యార్థి)

మాస్టారూ, నేను అటువంటి చీటీల తరగతిలో చదివినవాణ్ణి. మా దగ్గర చీటీలకు బేరాలు నడిచేవి. జామెట్రీ బాక్సులోని వస్తువులిచ్చి చీటీ కొనుక్కున్న అమ్మాయి నాకు తెలుసు. మార్కులు కావలసినవాడు మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూర్చునేవాడు, ఆ గంటలో మీరు చెప్పిన పాఠం అతని తలకు ఎక్కేది కాదు.

ఇంటర్వెల్‌లో ఎందుకు వెళ్ళరని అందరూ అడుగుతున్నారు కాబట్టి నా సంగతి చెబుతాను. ఏడో తరగతిలో నేను ఏడాదంతా ఇంటర్వెల్‌లో మరుగుదొడ్డి వైపు అడుగు పెట్టలేదు. పెద్ద తరగతుల అబ్బాయిలు కొందరు అక్కడే చేరేవారు, లోపల ఉన్నవాళ్ళ తలుపు తోసేవారు, పైనుంచి నీళ్ళు పోసేవారు. గడియలు ఎప్పుడో ఊడిపోయాయి. పాఠం జరుగుతున్నప్పుడు అక్కడ ఎవరూ ఉండరు కనుక, నాకు అదొక్కటే భయం లేని సమయం. అనుమతి అడిగినప్పుడల్లా “వీడికి చదువు మీద శ్రద్ధ లేదు” అనే మాట పడ్డాను. అసలు కారణం చెప్పి ఉంటే మరుసటి రోజు నా పరిస్థితి ఏమయ్యేదో నాకే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఇన్నేళ్ళ తరువాత ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

పలకాబలపం

బాబూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. మా బడిలో కూడా అటువంటి పిల్లవాడు ఉండి ఉంటాడు, నేనూ అదే మాట అని ఉంటాను.

నిన్న రాత్రి కూర్చుని ఒక లెక్క వేశాను. బడుల్లో 25 మంది ఆడపిల్లలకు ఒక మరుగుదొడ్డి, 50 మంది మగపిల్లలకు ఒక మరుగుదొడ్డితో పాటు ఒక మూత్రశాల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ప్రమాణం మా బడిలో అక్షరాలా అమలైందనే అనుకుందాం. ఒక్కో పాపకు లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకుని చేతులు కడుక్కుని రావడానికి రెండు నిమిషాలు చాలనుకున్నా, పది నిమిషాల ఇంటర్వెల్‌లో ఒక మరుగుదొడ్డిని వాడుకోగలిగేది ఐదుగురే. పాతికమందిలో సగం మందికే అవసరం ఉందనుకున్నా పాతిక నిమిషాలు పడుతుంది. అంటే నేను పద్దెనిమిదేళ్ళుగా ఆడపిల్లలకు చెబుతున్న “ఇంటర్వెల్‌లోనే వెళ్ళండి” అనే మాట, వాళ్ళు ఎంత బుద్ధిగా విన్నా ఆచరణలో సాధ్యం కానిది. క్యూలో నిలబడి బెల్లు మోగగానే తిరిగి వచ్చిన పాపను “అప్పుడేం చేశావు?” అని అడిగినదాన్ని నేనే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఉదయం ఎనిమిదింటికి ఇంట్లో వెళ్తే మళ్ళీ భోజన విరామానికి గానీ నేను వెళ్ళను. పీరియడ్ వెంట పీరియడ్ ఉంటుంది, తరగతిని అప్పగించడానికి ఎవరూ దొరకరు. నేనూ నీళ్ళు తక్కువ తాగుతాను, రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చి మందులు వాడాను. తన శరీరాన్ని ఇన్నేళ్ళుగా అణచిపెట్టుకున్న మనిషికి ఎదుటి బిడ్డ అవసరం చిన్నదిగా కనిపించడంలో వింత లేదు. మాకు ఒక ఐదు నిమిషాలు తరగతిని చూసే మనిషిని ఇస్తే పిల్లలకూ మేలు జరుగుతుందని ఇప్పుడు అనిపిస్తోంది.

జీవశాస్త్రం టీచర్

ఉన్నత పాఠశాలలో ఆడపిల్లల గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. నెలసరి మొదలైన తొలి రెండు మూడేళ్ళు చాలామందికి తేదీలు క్రమంగా ఉండవు, ఏ పీరియడ్‌లో మొదలవుతుందో ఆ పిల్లకే తెలియదు. ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చుకోవాలి, ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంకా ముందే మార్చుకోవాలి. అటువంటప్పుడు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి కూర్చున్న గదిలో “ఎందుకు? ఇప్పుడే వెళ్ళాలా?” అని మాస్టారు అడిగితే ఆ అమ్మాయి ఏమని చెబుతుంది? కొందరు మరక పడుతుందేమోనన్న భయంతో గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు, కొందరు ఆ నాలుగు రోజులు బడికే రారు. త్రికోణం గారూ, నెలకు మూడు చీటీలన్నారు. ఒక్క నెలసరి రోజుకే ఆ మూడూ అయిపోవచ్చు. దాన్ని మార్కులతో ముడిపెట్టడమంటే అమ్మాయిగా పుట్టినందుకు మార్కులు కోయడమే అవుతుంది. దయచేసి ఆలోచించండి.

మా తరగతిలో కారణం అడగము, చిన్న సంచి వెంట తీసుకెళ్తే అందులో ఏముందని చూడము. ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గర అలమరలో ప్యాడ్లు ఉంచాము, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టించాము.

త్రికోణం

అమ్మాయిల విషయం నేను ఆలోచించలేదు. తప్పు నాదే. మార్కుల లంకె రేపటి నుంచి తీసేస్తాను. అయితే ఫోన్లతో, ముచ్చట్లతో బయట తిరిగేవారి సంగతి ఇంకా అలాగే ఉంది. ఏ హద్దూ లేకపోతే నిజంగా చదువుకోవాలనుకునే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. దానికి ఎవరైనా మార్గం చూపండి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

త్రికోణం గారి ప్రశ్న న్యాయమైనది. మా బడిలో దీన్ని చక్కబెట్టుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది కాబట్టి జరిగినది చెబుతాను.

వెళ్ళనివ్వాలా వద్దా అన్నది ఉపాధ్యాయుడి చేతిలో ఉండకూడదని మొదట నిర్ణయించుకున్నాం. ఎలా వెళ్ళాలి, ఎందరు వెళ్ళాలి, ఎంతసేపట్లో రావాలి అన్నవాటికి మాత్రం గట్టి నియమాలు పెట్టాం. తలుపు పక్కన మేకుకు రెండు చెక్క బిళ్ళలు తగిలించాం, ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి. అవసరమైన బిడ్డ నోరు తెరవకుండా లేచి, బిళ్ళ మెళ్ళో వేసుకుని వెళ్ళి, తిరిగి వచ్చి అదే మేకుకు తగిలించాలి. బిళ్ళ మేకుకు లేదంటే ఒకరు బయట ఉన్నారని అర్థం, రెండోవారు ఆగాలి. ఆగలేని స్థితి అయితే బిళ్ళ లేకపోయినా వెళ్ళవచ్చు, వచ్చాక చెబితే చాలు. ఒకటీ రెండూ తరగతుల పిల్లలను మాత్రం జతగా పంపేవాళ్ళం. మొదటి వారం నలభైసార్లు వెళ్ళారు. ఆ కొత్త మోజు పదిహేను రోజుల్లో తీరిపోయింది. అడిగి కాదనిపించుకునే ఆట ముగిశాక, ఊరికే వెళ్ళడంలో సరదా ఉండదు.

ఇంటర్వెల్ బెల్లును మూడుగా విడగొట్టాం. రెండేసి తరగతులను పది నిమిషాల తేడాతో వదిలాం. పలకాబలపం గారు వేసిన లెక్కే మేమూ వేసుకున్నాం. అలా విడగొట్టడంతో పెద్దపిల్లలూ చిన్నపిల్లలూ ఒకేసారి అక్కడ చేరడం తగ్గింది, ఆ వసారాలో ఒక సహాయకురాలు నిలబడడం వీలైంది. కిటికీ పక్క బెంచీలో కూర్చున్న ఆ బాబు వంటివారికి అవసరమైనది అదే. ఫోన్ల సమస్య కూడా ఆ సహాయకురాలి వల్లనే చాలావరకు తీరింది. తలుపు లోపల ఏం చేస్తున్నారో ఆమె చూడనక్కర లేదు, బయట ఒక పెద్ద మనిషి ఉన్నారన్న సంగతి చాలు.

ఇక పదే పదే వెళ్ళే పిల్లల సంగతి. బిళ్ళ తీసుకున్నప్పుడు పేరు ఎదుట ఒక గీత పెట్టమన్నాం. అది శిక్షించడానికి కాదు, నెలకోసారి నేనూ తరగతి ఉపాధ్యాయులూ కూర్చుని చూడడానికి. ఒక బాబు ఎప్పుడూ పైకి చదివించే పీరియడ్‌లోనే మాయమయ్యేవాడు. పిలిచి మాట్లాడితే, నల్లబల్ల మీది అక్షరాలు అతనికి కనిపించడం లేదని బయటపడింది. కళ్ళద్దాలు వచ్చాక బిళ్ళ వైపు చూడలేదు. ఇంకొక పాప రోజూ భోజనమైన పావుగంటకే వెళ్ళేది. అన్నం కడుపులో పడగానే పేగుల్లో కదలిక రావడం సహజమని మా డాక్టరు చెప్పారు, ఆమె స్థానాన్ని తలుపు దగ్గరికి మార్చాం. త్రికోణం గారూ, మీ తరగతిలో పరీక్ష రోజున లేచే పిల్లల గీతలు కూడా చూడండి. వాటిలో సగం మీ పాఠం అర్థం కానివారివి అయి ఉండవచ్చు. వాళ్ళకు కావలసినది తలుపు మూయడం కాదు, ఆ సమీకరణం ఇంకోసారి చెప్పడం.

పరీక్షల్లో అయితే వెంట ఒక మనిషిని పంపి, వెళ్ళిన సమయం, వచ్చిన సమయం జవాబుపత్రం మీద రాయించేవాళ్ళం. ఎవరినీ ఆపలేదు.

క్రమశిక్షణ అన్న మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం, బడిలో క్రమశిక్షణ బిడ్డ మానవ గౌరవానికి తగినట్టుగా అమలు కావాలని చెబుతుంది. దాన్ని నేను ఉపాధ్యాయుల గదిలో పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాను. తడిసిన బట్టలతో నలుగురి ముందు నిలబడిన బిడ్డను ఒక్కసారి చూసినవారికి ఆ వాక్యం ఎందుకు అవసరమైందో వేరే చెప్పనక్కర లేదు.

బాలవైద్యం

మాస్టారు గారి పద్ధతి చాలా బాగుంది. ఒక్కటి చేర్చుకోండి. ఆపుకోలేని సమస్యకు చికిత్స పొందుతున్న పిల్లలకు రెండు మూడు గంటలకు ఒకసారి, కోరిక ఉన్నా లేకపోయినా వెళ్ళమని మేము చెబుతాం. వాళ్ళకు బడి సహకరించకపోతే ఏ మందూ సరిగా పనిచేయదు. మరుగుదొడ్డి మురికిగా ఉందని పైకి లేచి సగం వంగి కూర్చునే పిల్లలకు మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, కాబట్టి శుభ్రత కూడా వైద్యంలో భాగమే.

మూడో తరగతి అమ్మ

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. టీచర్ గారిని కలిశాను. మీ మాటలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను కానీ, పాప నీళ్ళు తాగడం మానేసిందని చెప్పగానే ఆమె మొహం చిన్నబోయింది. ఆ రోజు బెంచీ మీద అయిందన్న సంగతే తనకు తెలియదట. నీళ్ళ సీసా ఒలికిందని పాప చెప్పిందట, పక్క పిల్లల నవ్వు ఆమె దాకా వెళ్ళలేదట. మా పాపకు ఒక్కదానికే వెసులుబాటు ఇస్తే మళ్ళీ అందరి కళ్ళూ తన మీదే పడతాయని, బిళ్ళల పద్ధతిని తరగతి మొత్తానికీ పెట్టారు.

మొదటి నాలుగు రోజులు పాప దాన్ని ముట్టుకోలేదు. ఐదో రోజు మూడో పీరియడ్‌లో వెళ్ళానని రాత్రి పడుకున్నాక, దీపం ఆర్పిన తరువాత నాతో చెప్పింది. డాక్టరుకు చూపిస్తే, బాలవైద్యం గారు అనుమానించినట్టే మలబద్ధకం ఉందన్నారు, మందు వాడుతున్నాం. సీసా ఇప్పుడు సగం ఖాళీగా వస్తోంది. నవ్విన పిల్లల పక్కన కూర్చోవడానికి మాత్రం ఇంకా జంకుతోంది.

ఒక చిన్న విషయం మిగిలింది. తలుపు గడియ తనకు అందదని, ఒక చేత్తో తలుపు పట్టుకుని కూర్చుంటానని చెప్పింది. గడియ పెద్దవాళ్ళ ఎత్తులో ఉంది. దీన్ని ఎవరిని అడగాలి?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

ఎవరి మంజూరు కోసమూ ఎదురుచూడకండి అమ్మా. ఆ మరుగుదొడ్డి వాడే పిల్లల్లో అందరికంటే పొట్టి బిడ్డను నిలబెట్టి, భుజం ఎత్తులో రెండో గడియ బిగించమనండి. పైది అలాగే ఉంచవచ్చు. లోపలి నుంచి వేసినది అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే రకం దొరుకుతుంది, చిన్నపిల్లలకు అదే మంచిది.

మూడో తరగతి అమ్మ

ప్రధానోపాధ్యాయురాలిని ఈ రోజే అడిగాను, సరేనన్నారు. శనివారం పిల్లలు వెళ్ళిపోయాక నేనూ మరో ఇద్దరు తల్లులమూ కలిసి వెళ్ళి ఆడపిల్లల వైపు నాలుగు తలుపులకూ బిగించి వస్తాం. ఎత్తు కొలవడానికి పాపను కూడా తీసుకెళ్తున్నాను.